కొత్త స్టెప్పు

గోమాలో పెళ్లి హాలు. పాట మంచి ఊపు మీద ఉండగా ముహిందో గిటారు గొంతు పోయింది.

కాలి కింద ఉన్న పెడల్ స్విచ్చును బూటుతో నొక్కాడు. మళ్లీ నొక్కాడు. గిటారు ఒకసారి గుర్రుమంది. తర్వాత అదీ లేదు.

"ఏంట్రా, చచ్చిందా?" మైకుకు చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు బిరింద్వా. ఆ బ్యాండులో కేకలూ జోకులూ డాన్సు స్టెప్పులూ అన్నీ అతనివే.

"స్విచ్చు పోయింది. ఇది లేకపోతే తర్వాతి పాట లేనట్టే."

"పెళ్లికూతురు వచ్చేది ఆ పాటకేరా బాబూ!"

స్పీకర్ల వెనక కూర్చున్న ఒకాయన లేచాడు. యాభై దాటి ఉంటాయి. వదులు కోటు, కాళ్లకు పెద్ద పెద్ద బూట్లు. పొద్దుటి పడవలో సరస్సు అవతలి ఊరు బుకావు నుంచి వచ్చాడు. చుట్టాల బల్లల దగ్గర చోటు లేదని గేటు దగ్గరి కుర్రాళ్లు ఆయన్ని ఇటు తోశారు.

"నేను చూడనా, తమ్ముడూ? రేడియోలు బాగుచేస్తుంటాను."

"చూడు. ఉన్నది కూడా పాడుచేశావో, తీసుకెళ్లి సరస్సులో పారేస్తా" అన్నాడు ముహిందో.

ఆయన కాళ్లు చాపుకుని నేల మీద కూర్చున్నాడు. మూలన పడి ఉన్న ఇంకో పాత పెడల్‌ని అడిగి తీసుకున్నాడు. సౌండు వాళ్ల దగ్గర సోల్డరింగ్ కడ్డీ ఉంది. పెడల్ అడుగు రేకు విప్పి, పాడైన స్విచ్చు తీగలన్నీ ఊడదీశాడు. పాత పెడల్లోని స్విచ్చు పీకి ఇందులో బిగించి, ఏ తీగను ఆ చోటే అతికాడు.

ముహిందో నొక్కాడు. గిటారు తేనెలా పలికింది.

"హమ్మయ్య!" అన్నాడు గానీ, ఆయన వైపు చూడలేదు.

"తమ్ముడూ, పెళ్లికూతురు డాన్సు చేసేటప్పుడు ఇక్కడ నిలబడి చూస్తాను. మమా సిఫా, అదే సిఫా వాళ్లమ్మ, రమ్మన్నారు నన్ను."

"పెళ్లికూతురి తల్లా? నిన్నా?" బిరింద్వా పకపకా నవ్వాడు. "మేకమాంసం వాసన తగిలితే చాలు, అందర్నీ ఆవిడే పిలిచిందంటారు. పో, వెనక్కి పో."

ఆయన వెనుదిరిగాడు. మడమలు మాత్రమే నేలకు ఆనుతున్నాయి. ఒక కాలు అలా పెట్టీ పెట్టకముందే ఎత్తేస్తున్నాడు. ఒళ్లంతా అటూ ఇటూ ఊగుతోంది.

బిరింద్వా కళ్లు మెరిశాయి.

"చూసుకోండి గోమా జనమా! కొత్త స్టెప్పు! పెనం మీద కోడి!"

మైకు పట్టుకుని ఆయన వెనకే, అచ్చం ఆయనలాగే నడిచాడు. హాలు గొల్లుమంది.

ముహిందో తీగల మీంచి చెయ్యి తీసేస్తే ఆ ఆట అక్కడే ఆగిపోయేది. అతను ఆయన బిగించిన స్విచ్చే నొక్కాడు.

పిన్నమ్మలు లేచారు. బీరు సీసాలతో కుర్రాళ్లు లేచారు. అందరూ మడమల మీదే. అప్పుడే లోపలికొచ్చిన పెళ్లికూతురు సిఫా అది చూసి పడీపడీ నవ్వింది. తెల్లగౌను పైకెత్తి పట్టుకుని తనూ కలిసింది.

"బాబాయ్, నువ్వు ఆగిపోయావేం? రా, సరిగ్గా నేర్పించు!" అని ఆయన చెయ్యి పట్టి లాగింది.

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత నడిచాడు. ఆమె చుట్టూ నడిచాడు.

"ఇంకా తొందరగా!"

తొందరగా నడిచాడు. పెదాల మీద నవ్వు ఉంది. చెంపల మీంచి చెమట కారుతోంది.

"బూట్లు విప్పించరా, అసలు మజా అప్పుడుంది!" అని ఎవరో అరిచారు.

బిరింద్వా వంగి ఒక బూటు లాగేశాడు. దాంతోపాటు లోపల కుక్కిన గుడ్డపీలికలూ జారిపడ్డాయి. ఆ పాదానికి వేళ్లు లేవు. చర్మం కరిగి గడ్డకట్టిన మైనంలా ఉంది.

సిఫా ముఖం తిప్పేసుకుంది.

"ఛీ! కప్పండి దాన్ని! నా పెళ్లికి ఎవరు రానిచ్చారు ఇతన్ని?"

ఆయన కూర్చుని, పీలికలు ఏరి బూటులో కుక్కి, తొడుక్కున్నాడు.

"తప్పైంది తల్లీ. చల్లగా ఉండు."

గేటు దాటేదాకా ఆయన వేసే ఒక్కో అడుగుకూ బిరింద్వా ఒక్కో డ్రమ్ము దెబ్బ వేయించాడు.

కాసేపటికి వంటల దగ్గర్నుంచి మమా సిఫా వచ్చింది. చేతిలో వేయించిన చేపల పళ్లెం.

"బాబూ, బుకావు నుంచి బగాల్వా అని ఒకాయన రావాలి. నడక సరిగ్గా ఉండదు. పెళ్లికూతురి పక్క కుర్చీ ఆయనకే ఉంచాను. చూశారా?"

బిరింద్వా మైకు దించాడు. ముహిందో గిటారు పక్కన పెట్టి గేటు దాకా పరిగెత్తాడు. నల్లరాళ్ల రోడ్డు మీద మోటారు సైకిళ్లు తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి చేపల పళ్లెం కింద పడి ఉంది. సంగతి ఎవరు చెప్పారో గానీ, తల్లి కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

"ఎవరమ్మా ఆయన?" అంటోంది సిఫా.

"ఇన్నేళ్లు వెతికితే ఇప్పటికి దొరికాడు. నీకు ముందే చెప్పకుండా తీసుకొచ్చి చూపిద్దామనుకున్నాను." తల్లి గొంతు పైకి లేవలేదు. "కొండ పగిలి ఊరి మీదికి నిప్పు పారిన రోజు నేను బజార్లో చిక్కుకుపోయాను, నువ్వు ఇంట్లో ఉయ్యాల్లో ఉన్నావు... ఆ నిప్పు ఇంకా రాయి కాకముందే దాని మీద నడిచెళ్లి, నిన్ను భుజాన వేసుకుని మళ్లీ దాని మీదే నడిచొచ్చాడే, ఆయనేనమ్మా."