తొలి వేగం

"నిన్న తడిబట్టల నీళ్లు, ఇవాళ పూలకుండీ. రేపు రోలు పడేస్తారా నా స్కూటీ మీద?" అన్నాడు కింది వాటాలో ఉండే నిసార్ అహ్మద్.

"నోరు అదుపులో పెట్టుకో. గాలికి జారింది," అన్నాడు మూడో అంతస్తు కరిముల్లా.

నిసార్ కూతురు ఇఫ్రా ఇంటర్ చదువుతోంది. ఎదురింటి కెమెరా వీడియోను ఫోన్‌లో చూస్తూ అంది. "జారలేదు చాచా. ఎవరో విసిరారు."

"పెద్దవాళ్ల మధ్య నీకేంటే? లోపలికి పో," అన్నాడు కరిముల్లా.

ఆ అమ్మాయి కదల్లేదు. "జారితే ఇనీషియల్ వెలాసిటీ జీరో. మీ బాల్కనీ నుంచి రావడానికి ఒకటిన్నర సెకను పట్టాలి. ఇది ఒక్క సెకనులో వచ్చేసింది. తగిలేటప్పటికి స్పీడు సెకనుకి పదహారు మీటర్లు. అందులో భూమి లాగినందుకు పది. మిగతా ఆరూ విసిరిన చేతివే."

కరిముల్లా ఫోన్ లాక్కుని చూశాడు. వీడియోలో తనే స్కూటీకి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. అందులోనే, జేబులో తన ఫోన్ మోగితే తీసి చూసుకుంటూ పక్కకి జరిగాడు. ఆ వెంటనే కుండీ వచ్చి సీటు మీద బద్దలైంది.

పైన ఇంట్లో భార్య ఆమినాబీ ఒక్కతే ఉంది. పొద్దున ఆమె చెంప మీద తన చెయ్యి ఎంత జోరుగా పడిందో అతనికి గుర్తొచ్చింది.

తలెత్తి చూస్తే ఆమె బాల్కనీలోనే ఉంది.

"ఆమినా, కుండీ గాలికే కదా జారింది?"

"ఈ ఉక్కలో గాలెక్కడిదండీ," అంది ఆమినాబీ తాపీగా. "మీరే పక్కకి జరిగారు."