నెమలి అడిగిన మద్దిచెట్టు

అడవంతా తరలివచ్చే మూడు రోజుల తోట ప్రదర్శనకి నెమలి తన తోటని ముస్తాబు చేస్తోంది.

"ఏనుగు మావా, కొండ కింది ముసలి మద్దిని వేళ్లతో సహా తెచ్చిపెట్టవూ? అదొక్కటుంటే నా తోటకి నిండుదనం వస్తుంది," అంది.

ఏనుగు వెళ్లి చెట్టుకి మూడు వైపులా మట్టి తవ్వింది. నాలుగో వైపుకి వచ్చేసరికి తొర్రలోంచి గోరింక తల బయటపెట్టింది.

"తీసుకెళ్తే తీసుకెళ్లు ఏనుగన్నా. ఎక్కడ పెడతావో మాత్రం చెప్పు. మేతకెళ్లి తిరిగొచ్చి, రెక్కలు రాని నా పిల్లల్ని ఎక్కడని వెతుక్కోను?"

ఏనుగు తవ్వడం ఆపేసింది. తవ్విన మట్టంతా మళ్లీ వేళ్ల మీదికి తోసి, కాలితో మెత్తగా అదిమి, ఉత్త తొండంతో తిరిగొచ్చింది.

"చెట్టేది మావా? రేపే కదా ప్రదర్శన!" అని నెమలి లబోదిబోమంది.

"చెట్టుకి కాళ్లు లేవు అల్లుడూ," అంది ఏనుగు. "చూడ్డానికొచ్చేవాళ్లకి ఉన్నాయిగా. వాళ్లనే అక్కడికి నడవమను."