పోటీ బ్యాచ్

బార్ మీద చెయ్యి జారిన పిల్ల బోర్లా పడింది. పెదవి చిట్లి పరుపు మీద రక్తం చిందింది. శ్యాంబాబు మాస్టారు లేవదీయలేదు. తుడుచుకుని ఎక్కమన్నాడు. పిల్ల తుడుచుకుని ఎక్కింది.

గుడివాడలోని ఆ జిమ్నాస్టిక్స్ హాల్లో గోడవార బెంచీ మీద కూర్చుని సుచిత్ర ఇదంతా సరుకు చూసినట్టు చూసింది. బందరులో రెడీమేడ్ బట్టల దుకాణం ఆమెది. తిరగేసి, కుట్లు లాగి చూడకుండా దేన్నీ తీసుకోదు. పక్కన కూతురు దీవెన, పద్నాలుగేళ్లది, గోళ్లు కొరుక్కుంటోంది.

ఒక మూల ఇద్దరు పిల్లలు కాళ్లు చెరోవైపు చాపి కూర్చున్నారు. మరో ఇద్దరు వాళ్ల భుజాల మీద బరువంతా వేసి కిందికి నొక్కుతున్నారు. కిందివాళ్లు కేకలు పెడుతున్నారు. మాస్టారి చేతిలో సన్నటి బెత్తం. కాలివేళ్లు ముడిస్తే వాటి మీద పడుతుంది. నిటారుగా చాస్తే ఆగిపోతుంది.

సుచిత్ర చాలాసేపు ఆ బెత్తాన్నే గమనించింది. తప్పుకే పడుతోంది. దిద్దుకుంటే ఆగుతోంది. దానికో లెక్క ఉంది. ఆమెకి బేరం నచ్చింది.

బందరులో దీవెన వెళ్తున్నది మామూలు సాయంత్రం క్లాసు. మొయినుద్దీన్ సారు పిల్లల చేత సరదాకి పల్టీలు కొట్టిస్తాడు, స్కూలు వార్షికోత్సవాలకి పిరమిడ్లు కట్టిస్తాడు. గుడివాడ సంగతి ఎత్తగానే ఆయనే వద్దన్నాడు. అది పోటీలకి వెళ్లే బ్యాచ్, హాస్టల్లోనే ఉండాలి, అరచేతులు చీరుకుపోతాయి, ఇంత ఆలస్యంగా మారితే ఒళ్లు మాట వినదు అన్నాడు.

"చీరుకుపోనివ్వండి సార్. అరచేతులు మానతాయి," అంది సుచిత్ర.

ఇప్పుడు మాస్టారు దీవెనని పిలిచి వెనక్కి వంగమన్నాడు. వంగితే టీషర్టు పైకి జరిగింది. నడుం మీద కమిలిన మచ్చలు చూసి ఇవేంటన్నాడు.

"పల్టీల్లో తగిలినవేనండి. ఏడవదు. ఓర్చుకుంటుంది," అంది తల్లి.

"అలాంటిదే కావాలండీ నాకు. ముద్దపప్పులు చాలామంది వస్తున్నారు."

బార్ ఎక్కించాడు. దీవెన అరచేతుల చర్మం లేచిపోయేదాకా వేలాడింది. ఊగబోతే కాలి ఎముక బార్‌కి తగిలి ఠంగుమంది. పడింది. లేచింది. మళ్లీ పడింది. ఈసారి కుంటుకుంటూ తల్లి దగ్గరికొచ్చింది.

"వద్దమ్మా. ఇంటికెళ్లిపోదాం. నేనిక్కడుంటే నువ్వొక్కదానివే అయిపోతావు."

సుచిత్ర చెయ్యి లేచింది. చెంప ఛెళ్లుమన్న చప్పుడుకి హాలంతా ఇటు తిరిగింది.

"ఎక్కు," అంది.

దీవెన ఎక్కింది. తన రక్తం అంటిన బార్‌నే పట్టుకుని, పళ్లు బిగించి, ఒళ్లంతా పైకి లాగింది. మాస్టారు తలూపాడు. తీసుకుంటానన్నాడు. తండ్రి సంతకం మాత్రం తప్పదన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది.

సుచిత్ర భర్త జకరయ్యది నాగాయలంక చెరువుల దగ్గర రొయ్యలు కొని ఎగుమతికి పంపే వ్యాపారం. చర్చిలో సంఘపెద్ద. వీధిలో అతను గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. గుడివాడ మాట వినగానే కుదరదన్నాడు. పాస్టరుగారు అడిగినా అదే అన్నాడు.

"పిల్లని హూనం చేసేస్తారండీ అక్కడ. నా కళ్లెదుటే ఉండాలి."

విన్నవాళ్లంతా సుచిత్రనే తప్పుపట్టారు. కప్పుల పిచ్చి పట్టిందన్నారు. కన్నతండ్రికున్న జాలి తల్లికి లేకపోయిందన్నారు.

సుచిత్ర వాదించలేదు. బేరం తెగనప్పుడు ఎదుటివాడికి పదిమందిలో ఏది పోతే నష్టమో చూడాలని దుకాణం ఆమెకి నేర్పింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడింది. జకరయ్య కానుకల సంచి పట్టుకుని ముందు వరసలో ఉన్నాడు.

"మా దీవెనని గుడివాడ పంపడానికి వాళ్ల నాన్నగారి మనసు ఒప్పించిన దేవుడికి స్తోత్రం."

సంఘమంతా స్తోత్రం అంది. పాస్టరుగారు దీవెనని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఇలాంటి తండ్రి ఎంతమందికి ఉంటాడని ఆడవాళ్లు మెచ్చుకున్నారు. దేవుడి ముందు తన భార్య చెప్పిన సాక్ష్యం అబద్ధమని సంఘపెద్ద ఎలా అంటాడు? నవ్వాడు. అక్కడే, అందరూ చూస్తుండగా, సుచిత్ర చాపిన కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు ఆమె దుకాణం తెరవలేదు. ఆ వారమంతా తెరవలేదు. జ్వరమన్నారు.

చేర్చే రోజు ముగ్గురూ కార్లో గుడివాడ వచ్చారు. ఆడపిల్లల హాస్టలు. కన్నవాళ్లు నెలకోసారి వచ్చి చూడొచ్చు, మగవాళ్లెవరైనా సరే గేటు దాటడానికి వీల్లేదు. జకరయ్య గేటు బయటే నిలబడి కర్చీఫుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"సుకుమారంగా పెరిగిన పిల్ల, జాగ్రత్తండీ," అన్నాడు. ఆ మాటకి మాస్టారే కరిగి అతని భుజం తట్టాడు.

సుచిత్ర కంట మాత్రం చుక్క నీరు లేదు. దీవెన ఆమె చీరచెంగు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు. చీరిన అరచెయ్యి ఇంకా మానలేదు. అయినా సుచిత్ర ఒక్కో వేలూ విడదీసి, పిల్లని లోపలికి ఒక్క తోపు తోసింది. అంత కఠినమేమిటని వార్డెన్ మేరీ మొహం మీదే అడిగింది. సుచిత్ర గేటు మూయమంది. గేటుకి తాళం పడేదాకా కదల్లేదు.

జకరయ్య కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా, ఇంటికెళ్దాం," అన్నాడు మెత్తగా.

సుచిత్ర ఎక్కి కూర్చుంది. ఇన్నాళ్లూ కూతురూ తనూ పంచుకుని తిన్న జకరయ్య బెల్టు దెబ్బలన్నీ ఇవాళ్టి నుంచి తన ఒక్కదాని వీపు మీదే.