పసుపురంగు మందు

"ముట్టనియ్య! మూడు దినాలు దాటందే పిల్లగాన్ని తల్లి రొమ్ము ముట్టనియ్య!"

తిమ్మమ్మ గొంతుకు వనపర్తి దవాఖాన కాన్పుల వార్డంతా ఉలిక్కిపడింది. మనుమణ్ని ఒళ్లో దాచుకుని, గుమ్మం వైపు తిరిగి మరీ అరిచిందామె. గుమ్మం పక్కన బల్ల మీద ఆమె అత్త ముత్యాలమ్మ చేతికర్ర పట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

నర్సు సావిత్రమ్మ మళ్లీ వంగి పిల్లాణ్ని చూసింది. తెల్లవారుజామున పుట్టిన పిల్లాడు. నాలుగు కిలోల పైనే ఉన్నాడు. చూసినవాళ్లంతా దిష్టి తగులుతుందని బుగ్గన చుక్క పెట్టమన్నారు. కానీ వాడి చేయి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా వాలిపోతోంది. మడమ మీద సూదితో పొడిచినా పెదవి విరిచి ఊరుకున్నాడు.

"మావోడు బంగారం. ఏడ్సుడన్నదే లేదు," మురిసిపోయింది తిమ్మమ్మ.

"ఏడ్వకపోవుడే పరేషాన్, పెద్దమ్మా! రక్తంల షుగర్ పడిపోయింది."

"ఇంత బొద్దుగున్నోనికి పడిపోవుడేంది?"

"బొద్దుగున్నదే అందుకు. నీ కోడలికి కడుపుతోని ఉండంగ షుగరుండె గద. ఆ తీపంత బొడ్డుపేగుల నుంచి వీనికి పోయింది, వీడు దానికే మరిగిండు. బొడ్డు కోసినంక తీపి బంద్. ఒళ్లు మాత్రం ఇంక పాత లెక్కనే ఉన్న షుగరంత కరగబెడ్తది."

"గంతేనా! చక్కెర నీళ్లు పట్టిస్త."

"అవి గిట్ల ఎక్కి గట్ల దిగుతయ్. నిలబడేది తల్లిపాలతోనే. గంట లోపల షుగర్ పెరగకుంటే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తోలుమని డాక్టరమ్మ చెప్పి పోయింది. తల్లి ఈడ, పిల్లగాడు ఆడ. ఫిట్స్ గిట్ల వస్తే ఎవరం చెప్తం?"

ఆపరేషన్ కుట్లతో కదల్లేక పడుకున్న సుమన వెక్కింది. "అత్తమ్మా, నీ కాల్మొక్త. నా కొడుకును దూరం చెయ్యకు."

తిమ్మమ్మ కళ్లు మళ్లీ గుమ్మం వైపు పోయాయి.

"మా ఇంట్ల ఆ పద్ధతి లేదు, బిడ్డా. మొదటి పాలు చెడ్డపాలు, పిండి పారబోసుడే," అని గొణిగి, ఒక్కసారిగా గొంతు పెంచింది. "దవాఖానల మందు ఏదన్న ఉంటే పట్టరాదు! మందు వద్దంటనా నేను?"

సావిత్రమ్మకు ఆ మాటే చాలు.

"ఉంది, పెద్దమ్మా! పసుపురంగు మందు!"

వెంటనే వెళ్లి సుమన మంచం చుట్టూ తెర లాగింది. కాసేపటికి చిన్న గిన్నెలో చిక్కటి, పసుపుపచ్చటి చుక్కలతో బయటికి వచ్చింది.

"జర పైలం. ఒక్క చుక్క గూడ కింద పడొద్దు."

తిమ్మమ్మే చెంచాతో కొంచెం కొంచెంగా పట్టింది. పిల్లాడు ముందు నాలుక మీదే ఉంచుకున్నాడు. తర్వాత ఒక గుటక. ఇంకో గుటక. గిన్నె ఖాళీ అయ్యేసరికి పెదవులు చప్పరించాడు కూడా.

గంటకు మళ్లీ సూది పడింది. ఈసారి వార్డు కప్పు ఎగిరిపోయేలా కేర్‌మన్నాడు. మిషన్ చూసి సావిత్రమ్మ స్టూలు మీద కూలబడింది. షుగర్ పెరిగింది. ఇక ఎక్కడికీ తోలే పని లేదు.

"చూసినవా పెద్దమ్మా, మందు ఎట్ల పనిచేసిందో!"

తిమ్మమ్మ ఆమె చేయి పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో అంది.

"ఏం మందే! పెబ్బేరు సంతల కొన్న బర్రెలను సాకవట్టి ముప్పై ఏండ్లాయె. ముర్రుపాలు నాకు తెల్వదా? నువ్వు మందనే అను. మా అత్తకు తెలిస్తే నన్ను బతకనియ్యదు."

సావిత్రమ్మ నవ్వు ఆపుకుంటూ గిన్నె కడగడానికి బయటికి నడిచింది. గుమ్మంలో చేతికర్ర అడ్డం పడింది.

"సిస్టరమ్మా," ముత్యాలమ్మ గొంతు తగ్గించింది. "మందుల అల్మారి నా ఎన్కనే ఉన్నది. నువ్వు దీని దిక్కే రాకపోతివి."

సావిత్రమ్మ గిన్నెను కొంగు చాటుకు లాక్కుంది. "అవ్వా, అది..."

"నా పిల్లలు ఇద్దరు మూడోనాడు చూడకుండనే పోయిండ్రు, బిడ్డా." ముసలామె కర్ర పక్కకు తీసింది. "గంట గంటకు పట్టు. తిమ్మమ్మకు మాత్రం చెప్పకు, అది పట్టింపుల మనిషి, ఊకోదు!"