ఎడమ చేతి మైకు

"సెలీనా మైకు గిట్ల పట్టుకోదు మేడం. ఎడమ చేత్తో పట్టుకుంటది. వీడియోలు చూడలేదా?" అన్నాడు రవీందర్.

స్టేజి వెనక గదిలో, రిహార్సల్‌కిచ్చిన మైకు దించి సెలీనా అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. గచ్చిబౌలిలోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో వార్షికోత్సవాల ఏర్పాట్లు చూసే ఉద్యోగి. మెడలో కార్డు, చెవిలో ఇయర్‌ఫోను, మొహంలో అన్నీ తెలిసిన ధీమా. ఆమె పాటలు ఊరూవాడా మోగిన రోజుల్లో వీడు పుట్టి కూడా ఉండడు. వీడొచ్చి సెలీనాకి మైకు పట్టుకోవడం నేర్పుతున్నాడు.

"సెలీనాకి కుడిచేత్తో పాడాలనిపిస్తే కుడిచేత్తోనే పాడుతుంది" అంది. ఎడమ భుజం ఇప్పుడు సరిగా లేవడం లేదన్న సంగతి వీడికెందుకు?

తన గురించి చెప్పాల్సి వచ్చినా పరాయి మనిషి గురించి చెప్పినట్టు పేరుపెట్టి చెప్పడం ఆమెకి మొదటి సినిమా ఆడిన రోజు పట్టుకున్న జబ్బు. నలభై ఏళ్లయినా వదల్లేదు. సెలీనా ఏసీ లేని గదిలో కూర్చోదు. సెలీనా కాగితం కప్పులో టీ తాగదు. పేరున్నవాళ్ల వేషం కట్టి, ముందు 'జూనియర్' అని తగిలించుకుని పాడే డూపులు ఎక్కిన స్టేజి సెలీనా ఎక్కదు. ఈ చివరి మాటకి రవీందర్ పగలబడి నవ్వాడు. నవ్వి, పక్కనున్న యోహానుతో, "ప్రిపరేషన్ మంచిగున్నది అన్నా" అన్నాడు.

యోహాను ఆమె మేనేజరు. పాప్ పాటల క్యాసెట్ల కాలం నుంచి హీరోయిన్ వేషాల మీదుగా అత్తగారి వేషాల దాకా ఆమె పెట్టె మోసినవాడు. కొన్నేళ్లుగా మోయడానికి పెట్టె లేకపోయినా, నార్సింగిలో ఆమె ఫ్లాటుకి రోజూ వచ్చి, ఈరోజు కూడా ఎవరూ ఫోన్ చెయ్యలేదని చెప్పి వెళ్లేవాడు. అలాంటిది ఉన్నట్టుండి ఈ ప్రోగ్రాం పట్టుకొచ్చాడు. ఇది క్లిక్కయితే మళ్లీ స్టేజి మీద నిలబడొచ్చు. కాకపోతే అంతే సంగతులు, ఇక ఇంట్లో అద్దం ముందు పాడుకోవాల్సిందే. అది ఆమెకీ తెలుసు. తెలుసు కాబట్టే అంత పొగరు.

రవీందర్ తల పక్కకి వంచి ఆమె మొహాన్ని పరిశీలనగా చూశాడు.

"ముక్కు జర తేడా ఉన్నది. ఆమెది సన్నగ ఉండె. ఏం ఫికర్ లేదు, ఎన్క కూసున్నోళ్లకు ఏం కనబడ్తది" అని తనే సర్దుకుని, లైట్లు చూసి రావడానికి వెళ్లాడు.

సెలీనా దిగ్గున లేచింది. వయసు మీద పడిందని ముక్కుకి వంకపెడతాడా? ఆ ముక్కుని చూడ్డానికే జనం టిక్కెట్లు కొన్నారు. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని కళ్లు మసకబారినవాడికి ముక్కుల సంగతేం తెలుసు? ఇంటికి పోదాం పద అంది. యోహాను తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఈ ఒక్కసారికి ఓర్చుకోమన్నాడు, బతిమాలాడు, చివరికి గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"స్టేజి మీద ఏం మాట్లాడకండి మేడమ్. పాడేసి దిగిపోదామండి."

మాట్లాడకుండా ఎలా? 'మీ సెలీనా మళ్లీ వచ్చింది' అనే మాట అద్దం ముందు ఎన్ని రకాలుగా అని చూసుకుందో ఆమెకే తెలియాలి. సెలీనా ఏం మాట్లాడాలో నువ్వు చెప్పేదాకా వచ్చిందా అని కసిరికొట్టింది. అయినా ఇంటికి మాత్రం వెళ్లలేదు.

రవీందర్ తిరిగొచ్చి, చప్పుడు చెయ్యొద్దని సైగచేసి, చీకట్లో ఆమెని స్టేజి మధ్యకి తీసుకెళ్లి నిలబెట్టాడు. పాట మొదలయ్యేముందు మైకు చేతికొస్తుందని గుసగుసగా చెప్పి వెళ్లిపోయాడు. జీతం పడిందన్న మెసేజికి తప్ప దేనికీ పొంగని ఈ జనం సగం పాటలోనే ఆఫీసు బస్సులకి పరిగెత్తుతారని ఆమె ముందే అనుకుంది. పరిగెత్తనీ, సెలీనాకేం.

లైట్లు వెలిగాయి.

హాలంతా లేచి నిలబడి ఉంది.

ఒక్కరూ కూర్చుని లేరు. ఒక్క ఫోనూ పైకి లేవలేదు. అందరూ తలలు వంచుకుని, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డారు. ఎంత గౌరవం! చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయారు. ఇంతమందినీ ఇందాకటిదాకా ఎంతెంత మాటలనుకుంది. సెలీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించి తనూ తల వంచింది.

అప్పుడు స్టేజి పక్కనుంచి యాంకర్ కెజియా గొంతు వినిపించింది.

"థాంక్యూ. అందరూ కూర్చోండి. స్వర్గీయ సెలీనా గారి ఆత్మకి శాంతి కలగాలి. ఇప్పుడు ఆ మహాగాయని పాటలతో మనల్ని అలరించడానికి వచ్చారు, జూనియర్ సెలీనా!"

సెలీనా గిరుక్కున వెనక్కి తిరిగింది. వెలిగిన పెద్ద తెర నిండా తన పడుచు మొహమే, సన్నటి ముక్కుతో నవ్వుతోంది. దాని చుట్టూ బంతిపూల దండ, కింద వెలుగుతున్న దీపం.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. యోహాను మైకు పట్టుకుని పరుగున వచ్చాడు. ఆమె మొహంలోకి చూడకుండా దాన్ని ఆమె ఎడమ చేతిలో పెట్టి, వేళ్లు మూసి, చెవిలో చెప్పాడు.

"మీరు బతికున్నారని చెప్పినన్నాళ్లూ ఒక్కళ్లూ పిలవలేదండి. పోయారని చెప్పాను. అప్పట్నుంచి ఫోన్ ఆగట్లేదు."