ఏడో గదే కావాలి

"ఏడో గదే కావాలట!" వంటావిడ జోజియాన్ గుసగుసగా చెప్పింది.

కెప్టెన్ కొరాంతాన్ గబగబా ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు.

'కొలంబ్' పడవలో ఏడో గది అంటే వెనక మూలన, ఇంజన్‌కు ఆనుకుని ఉన్న అగ్గిపెట్టె. ఒకప్పుడు గోధుమలు మోసిన ఆ పడవను కంపెనీ వాళ్లు కొని, పరుపులూ అద్దాలూ బిగించి, నీళ్ల మీద హోటల్‌గా మార్చారు. ఫ్రాన్స్‌లోని బర్గండీ కాలువలో వారం రోజుల షికారుకొచ్చే వాళ్లెవరూ ఆ గది మొహం చూడరు.

"పెద్ద గది ఖాళీగా ఉంది మదాం. అదే రేటుకి ఇస్తాం" అన్నాడు కొరాంతాన్.

"వద్దు బాబూ. ఇంజన్ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు" అంది రోలాండ్. ఆమెకు డెబ్బై ఏడేళ్లు. చేతిలో ఒకటే సంచి.

జోజియాన్ అతన్ని వంటగదిలోకి లాక్కెళ్లింది.

"అర్థమైందా? చప్పుడు ఎంతుందో చూడ్డానికొచ్చింది. కంపెనీ పంపిన తనిఖీ మనిషి ఈవిడే!"

ఈ వేసవిలో ఎవరో ఒకరు మామూలు ప్రయాణికుడిలా వచ్చి మార్కులు వేసి వెళ్తారని కంపెనీ ముందే చెప్పింది. కొరాంతాన్‌కు కెప్టెన్‌గా ఇదే మొదటి ఏడాది. నీటిమట్టం పెంచి తగ్గించి పడవల్ని ఎక్కించే, దింపే లాకుల్లో ఇప్పటికే రెండింటి గోడలకు పడవను గీరేశాడు. మూడో గీత పడితే చుక్కాని ఇంకొకరికి ఇస్తామని యజమాని మొహం మీదే అన్నాడు. పదేళ్లు తాళ్లు లాగి, డెక్కు కడిగి సంపాదించుకున్న చుక్కాని అది.

మర్నాడు పొద్దున్నే ఐదింటికల్లా రోలాండ్ డెక్కంతా శుభ్రంగా కడిగేసింది.

"అయ్యో మదాం! మేమున్నాం కదా!" అన్నాడు కొరాంతాన్.

"ఉన్నారు. పడుకుని ఉన్నారు."

"ఇరవైలో ఐదు మార్కులు గోవిందా" అంది జోజియాన్.

ఇక ఆ రోజు నుంచి పడవలో పండగే. రోలాండ్ పళ్లెంలో అందరికంటే నాలుగు నత్తలు ఎక్కువ, వెల్లుల్లి వెన్న ఇంకాస్త ఎక్కువ. వైన్‌లో ఉడికించిన కోడి అయితే అడగకుండానే రెండోసారి వచ్చేది.

"మాకెందుకు లేదమ్మా ఈ మర్యాద?" అనేవాడు లియోన్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు.

"మీరు నమలడం చూస్తేనే భయమేస్తుంది డాక్టరుగారూ!"

"ఇంత పెడితే పడవ మునుగుతుంది తల్లీ" అని నవ్వేది రోలాండ్.

"మునగదు మదాం. గట్టి పడవ."

"నాకు తెలుసులే."

సాయంత్రాలు డాక్టరుతో డెక్కు మీద నాట్యం చేసేది. ఆ వారమంతా అందరూ తెగ నవ్వారు, ఒక్క కొరాంతాన్ తప్ప.

ఆఖరి రోజు, ఆఖరి లాకు. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు ఉంది. పన్నెండు కొట్టాక ఆకాశం విరిగి మీద పడ్డా లాకు కాపలాదారు ఒంటిగంట దాకా తలుపు తియ్యడు. ఒకటిన్నరకు అందరికీ రైలు.

"రావయ్యా కెప్టెనూ! మా ఆవిడ కుందేలు వండింది. చల్లారిందో, నీ పని చెప్తా!" కాపలాదారు గట్టు మీంచి అరిచాడు.

పడవకీ గోడకీ మధ్య అటూ ఇటూ నాలుగు వేళ్ల సందు. ముక్కు లోపలికి వెళ్లి మొరాయించింది. కొరాంతాన్ ఇంజన్ పెంచాడు. పడవ వెనక భాగం మెల్లగా గోడ వైపు జరగసాగింది.

"తగ్గించు."

రోలాండ్ ఎప్పుడొచ్చి పక్కన నిలబడిందో తెలీదు.

"టైము లేదు మదాం!"

"తగ్గించమన్నానా! నేల మనుషులు ఇంతే, ఊరికే తోస్తారు. లోపలున్న నీళ్లు బయటికి రావద్దూ? వాటికి దారివ్వు. అవి వస్తే ఇది పోతుంది."

అతను తగ్గించాడు. నీళ్లు రెండు పక్కల నుంచీ బుడబుడమంటూ వెనక్కి వచ్చాయి. పడవ ఒక్క క్షణం ఆగి, బుద్ధిగా లోపలికి కదిలింది.

"కాస్త కుడికి. ఎడమ గోడలో ఒక రాయి పొడుచుకొచ్చి ఉంటుంది, చూసుకో."

రాయి ఉంది. పడవ దాన్ని వెంట్రుకవాసిలో తప్పుకుంది. వెనకాల తలుపులు మూసుకున్నాక చర్చి గంట పన్నెండు కొట్టింది.

"లోపలికొచ్చేశావు గనక కిందికి దింపి పోతాలే!" అన్నాడు కాపలాదారు.

గీత పడలేదు! డాక్టరు చప్పట్లు కొట్టాడు. కొరాంతాన్ పట్టలేని ఆనందంతో రోలాండ్ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టేశాడు.

"ఒరేయ్, తనిఖీ మనిషిని!" అని జోజియాన్ నెత్తి కొట్టుకుంది.

రేవులో దిగాక రోలాండ్ పడవ పక్కను రెండుసార్లు తట్టి టాక్సీ ఎక్కింది.

"రంగు ఎలా ఉందో చూసింది" అంటూ జోజియాన్ ఆమె ఇచ్చి వెళ్లిన అభిప్రాయాల కాగితం విప్పి గట్టిగా చదివింది.

"వంట: ఇరవైకి ఇరవై. మా అమ్మ కంటే నయం. కెప్టెన్: పద్దెనిమిది. మిగిలిన రెండూ లాకులే నేర్పుతాయి. చుక్కాని ఇతని చేతిలోనే ఉంచండి. గది: అలమారా పెట్టినచోట పొయ్యి ఉంటే వెచ్చగా ఉండేది... గదిలో పొయ్యేమిటి?"

కొరాంతాన్ కాగితం లాక్కుని ఆఖరి ప్రశ్న చదివాడు. మరుక్షణం పరిగెత్తి వెళ్లి పడవ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. దూరంగా వంతెన మీద టాక్సీ కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది.

"ఏం రాసిందో చెప్పి చావవయ్యా!"

అతను కళ్లు తుడుచుకుని నవ్వుతూ కాగితం చేతికిచ్చాడు.

'మా పడవలో ఇంతకు ముందు ఎప్పుడైనా ఉన్నారా? ఉంటే ఎన్నాళ్లు?' అన్న ప్రశ్న కింద గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "పద్దెనిమిదేళ్లు, ఈ ఏడో గదిలో పుట్టిన రోజు నుంచి మా నాన్న పడవ అమ్మిన రోజు దాకా."