నలభై గుర్తులు

గోడకు అంటించిన చార్టు చూసి ఆమె నవ్వింది.

సాయిరామ్‌కు ఒళ్లు మండింది.

జహీరాబాద్‌లో ట్రాక్టర్ విడిభాగాలు చేసే ఆ షెడ్డుకు అతను ఇంజనీరుగా వచ్చి మూడు నెలలు. రేకును అచ్చులో నొక్కే పన్నెండు ప్రెస్సులు ఒకేసారి కొడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. పనివాళ్లు పన్నెండు మందీ ఒకే ఊరివాళ్లు, మొగుడంపల్లి. చేతులు తిప్పుతూ, కనుబొమలు ఎగరేస్తూ ఏవేవో సైగలు చేసుకుంటారు. ఉన్నట్టుండి పడీ పడీ నవ్వుతారు. అతనికి ఒక్కటీ అర్థం కాదు.

అందుకే పది రోజులు కూర్చుని వాళ్లకో కొత్త భాష తయారుచేశాడు. నలభై చేతి గుర్తులు, ఊదగానే అందరూ మిషను ఆపి తనవైపు చూడడానికి ఒక విజిల్. ఆ చార్టు మీదున్నవి అవే. రేపటి నుంచి షెడ్డులో అవే నడవాలి. చూడడానికి మేనేజర్ వస్తున్నాడు.

"ఎవరమ్మా నువ్వు? లోపలికెందుకొచ్చావు?"

"రొట్టెలు తెచ్చిన సారూ. తినే యాళ్లనే గద."

చేతిలో జొన్నరొట్టెల మూట. ఆమె పేరు అనంతమ్మ అని, ఆ పన్నెండు మందిలోనే ఒకడైన మేస్త్రీ చెన్నబసప్ప చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు.

"అందులో నవ్వడానికేముంది?"

"గిండ్ల తిట్టు ఏడున్నది సారూ?"

"తిట్టా?"

"తిట్టు, పరాచకం, అబద్ధం. గివి లేంది ఏం బాస?"

"ఇది పనికోసం. నలభై చాలు."

"నలభై మాటల్తోని మీరొక్క దినం బతికి చూడున్రి."

పనివాళ్ల భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకుంటున్నారు.

"భాషలు చెయ్యడం నాకు కొత్త కాదు," అన్నాడు సాయిరామ్ పౌరుషంగా. "ఇద్దరు చంద్రులుండే దేశాన్నొకదాన్ని ఊహించాను. అక్కడి జనానికి లిపి, వ్యాకరణం, పన్నెండు వందల మాటలు, అన్నీ నేనే కల్పించాను. ఇంటర్నెట్‌లో ఎంతమంది మెచ్చుకున్నారో తెలుసా?"

"మంచిగున్నది. ఆ జనం ఏడుంటరు?"

"ఎక్కడా ఉండరు. అంతా కల్పన."

"అయితే వాండ్లకు మీరేం బాస ఇచ్చినా ఎదురు చెప్పరు."

ఈసారి పనివాళ్లు నవ్వేశారు.

ఆమె మాత్రం నవ్వలేదు. చార్టు దగ్గరికి నడిచి, విజిల్ బొమ్మ మీద వేలు పెట్టింది.

"గుర్తులు ఉండనీయున్రి. గీ సీటీ తీసెయ్యున్రి."

"ఎందుకు?"

ఆమె మూల ప్రెస్సు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"సీటీ కొట్టి పిలువనీకి వీళ్లేమన్న గొడ్లా?"

"విజిల్ ఉంటుంది. వీళ్ల పిచ్చి సైగలే ఉండవు. నువ్వు కూడా రేపట్నుంచి గేటు బయటే."

"నేనొస్త సారూ. మీరు ఆపున్రి, చూస్త."

మర్నాడు మేనేజర్ మదన్‌మోహన్ వచ్చాడు. సాయిరామ్ గట్టిగా విజిల్ ఊదాడు.

పదకొండు ప్రెస్సులు ఆగాయి.

మూల ప్రెస్సు దగ్గర వీరప్ప గోడవైపు తిరిగి రేకు పెడుతున్నాడు, తీస్తున్నాడు. పక్కవాళ్ల చేతులు గాల్లోకి లేచాయి.

"చేతులు దించండి! విజిల్ మాత్రమే!"

మళ్లీ ఊదాడు. వీరప్ప ఆపలేదు.

"వీరప్పా!"

ఆ అరుపు గేటుదాకా వినపడింది. వీరప్ప తిరగలేదు.

"ఎంత పొగరండీ వీడికి!"

మదన్‌మోహన్ వెళ్లి, వీరప్ప తల వెనక రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. వీరప్ప తల తిప్పలేదు. మదన్‌మోహన్ తిరిగొచ్చాడు.

"పొగరు కాదయ్యా. ఇనవడదు ఆయనకు. చెవిటోన్ని ప్రెస్సు మీద ఎట్ల పెట్టుకున్నం? రేపు ఏమన్నయితే ఎవరు జిమ్మేదార్? ఇయ్యాల్నే పంపియ్యి."

సాయిరామ్ చేతిలోంచి విజిల్ జారింది.

షెడ్డులో అందరికన్నా చురుకైనవాడు వీరప్ప. సాయిరామ్ మూడు నెలలుగా అతన్ని చూస్తున్నాడు. తేడా కనపడలేదు. అందరూ చేతులతోనే మాట్లాడే చోట ఎలా కనపడుతుంది?

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి విదిలించుకుని అనంతమ్మ లోపలికొచ్చింది. వీరప్ప ఎదురుగా నిలబడి చేతులు కదిలించింది.

పోదాం.

ఆ షెడ్డులో సాయిరామ్‌కు అర్థమైన మొదటి మాట అదే.

వీరప్ప ప్రెస్సు ఆపాడు. చేతి తొడుగులు విప్పి, మడిచి, మిషను మీద పెట్టాడు.

"అమ్మా, నాకు తెలీదు. ఆగండి, నేను మాట్లాడతాను," అన్నాడు సాయిరామ్.

ఆమె ఆగలేదు. ఇద్దరూ తలెత్తుకునే గేటు దాటారు.

మిగిలిన పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు తొడుగులు విప్పడం మొదలుపెట్టారు.

"చెన్నబసప్పా, ఎవరామె? అసలు మీకందరికీ ఈ సైగలు ఎక్కడివి?"

చెన్నబసప్ప జవాబుకు రెండు చేతులూ ఎత్తాడు. ఈయనకు రాదని గుర్తొచ్చి దించాడు. నోటితో చెప్పాడు.

"వీరప్ప తల్లి సార్. పుట్టు చెవిటి పోరనితోని ఎవ్వడు ఆడుతలేడని, వాడకట్టు పోరగాండ్లను పదకొండు మందిని వాకిట్ల కూసోవెట్టి, ఒక్కొక్క మాటనే పుట్టిచ్చి నేర్పింది. గా పోరగాండ్లం మేమే."